మూడు వేళ్ళ సందు

అంజిబాబు గారి వంటింటి కిటికీ ఊచల మధ్య సందు సరిగ్గా మూడు వేళ్ళు. ఆ సంగతి దౌలత్‌బీకి ఆ ఏడు రంజాన్ ఆరో ఉపవాసం నాడు తెలిసింది. రెండు పెరళ్ళ మధ్య ఉన్న నడుమెత్తు గోడ మీదుగా, మూరెడు దూరంలోని ఆ కిటికీ వైపు వంగి, చేతిలోని అన్నం గిన్నెను అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా తిప్పి చూసింది. పట్టలేదు. ఇంట్లోకి పోయి ఇంకా చిన్న గిన్నె తెచ్చింది. అదీ పట్టలేదు.

"ఊరుకోండి బీబమ్మగారూ. గిన్నె లోపలికి రాదు, నేను బయటికి రాను. ఇద్దరం ఒకటే సైజు," అంది లోపల నుంచి వీరదుర్గ. నవ్వుతూనే అంది గాని, పెదవులు ఎండి చారలు పడి ఉన్నాయి.

రువైస్‌లో చమురు కంపెనీ ఇళ్ళన్నీ వరసలు వరసలుగా, పెరడుకు పెరడు ఆనించి కట్టినవి. వీళ్ళది పడమటి చివరి వరస. దాని తర్వాత ఇసుక, ఇసుక తర్వాత పెద్ద రోడ్డు. ఆ రోడ్డెమ్మట పోతే సౌదీ గేటు. ఇటు అబూదబీకి పోవాలంటే రెండున్నర గంటలు. అందుకే ఇక్కడ పసుపు అయిపోయినా, పిల్లలకు జ్వరం వచ్చినా ముందు తట్టేది పక్కింటి తలుపే. దౌలత్‌బీ తలుపు తట్టినవాళ్ళెవరూ ఉత్త చేతులతో తిరిగిపోలేదు. రంజాన్ నెల వస్తే మరీను. ఇఫ్తార్‌కు గంట ముందు ఆమె ఇంటి నుంచి ఏడు ఇళ్ళకు ఏడు పళ్ళేలు పోవలసిందే. ఏ మతంవాళ్ళు, ఏ దేశంవాళ్ళు అన్న లెక్క లేదు. రాయచోటిలో ఆమె అత్తగారు నేర్పిన పద్ధతి అది.

అంజిబాబు గారు అదే కంపెనీలో ఇంజనీరు. భీమవరం వైపు మనిషి. ఆ ఏడు దసరా రంజాన్ నెలలోనే వచ్చింది. భార్య హైమవతిని, ఇద్దరు పిల్లల్ని తీసుకుని మంగళవారం నాడు పది రోజులకని ఇండియా వెళ్ళాడు. పనిమనిషి వీరదుర్గను కూడా తీసుకువెళ్ళారనే దౌలత్‌బీ అనుకుంది. ఆమె అమలాపురం అవతలి పిల్ల. రెండేళ్ళ ఒప్పందం మూడు నెలల కిందటే ముగిసింది. ఇంటికి పోవాలని ఎదురుచూస్తూ ఉండేది. శుక్రవారం మధ్యాహ్నం దౌలత్‌బీ బట్టలు ఆరేయడానికి పెరట్లోకి వస్తే, కిటికీ ఊచల్లోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి తడిగుడ్డ పిండుతోంది.

"ఏమ్మే, నువ్వు పోలేదా?"

"పోతే ఇల్లెవరు చూత్తారండి?"

ముందు తలుపుకు తాళం. వెనక తలుపుకు తాళం. బియ్యం, పప్పు, బంగాళదుంపలు పెట్టే వెళ్ళారు. వెళ్ళిన మర్నాడే గ్యాసు అయిపోయింది. రెండు రోజులుగా వీరదుర్గ బియ్యం నానబెట్టుకుని, పంచదార కలుపుకుని తింటోంది.

"మరి నన్ను పిల్చలేదేంటికి?"

"మీరు ఉపాసంలో ఉన్నారు కదండీ. ఎలా అడుగుతాను?"

దౌలత్‌బీ బట్టలు అక్కడే వదిలి అన్నం గిన్నె కోసం లోపలికి పోయింది. సాయంత్రానికి తీరిపోతుందని తెలిసిన ఆకలి తనది. అలాంటి ఆకలి నిజంగా ఆకలేనా? ఆ ప్రశ్న ఆమెకు అంతకుముందు ఏ ఉపవాసంలోనూ రాలేదు.

ఆ రోజు నుంచి ఆమె వంట ఆ మూడు వేళ్ళ సందుకు తగ్గట్టు మారిపోయింది. రొట్టెల్లో గుడ్డుపొరటు పెట్టి, చాప చుట్టినట్టు బిగించి చుట్టేది. బొరుగుల ఉగ్గానిని కాగితంలో వేసి సన్నగా పొట్లం కట్టేది. గంజి, చారు లాంటివి పాలిథిన్ సంచిలో పోసి, హోటలువాళ్ళు టీ పార్సిల్ కట్టినట్టు మూతి ముడివేసి, ఒక్కొక్కటే సందులోంచి జార్చేది. అవతల వీరదుర్గ దోసిలి పట్టి అందుకునేది. ఒకసారి సంచి ఊచకు గీసుకుని పగిలి, వేడి గంజి ఇద్దరి చేతుల మీదా పడింది. ఇద్దరూ కెవ్వుమని, వెంటనే నోళ్ళు మూసుకుని, తర్వాత నవ్వుకున్నారు.

దౌలత్‌బీ భర్త ఇనాయతుల్లా స్టోర్సులో పని చేస్తాడు. సంగతి విన్నాక ఆయన బయటికి వెళ్ళి, రెండు హస్తాల అరటిపళ్ళు తెచ్చాడు.

"ఇవైతే చుట్టే పని లేదు. అల్లా ముందే చుట్టి పెట్టినాడు," అన్నాడు.

"పండ్లు సరే. ఆ తాళం సంగతేంది?"

"తాళం మనది గాదు గదా."

"మనిషిని పెట్టి తాళమేస్తే ఎవురిదైతే ఏంది? పోలీసులకు చెప్దామా?"

ఇనాయతుల్లా తలమీది టోపీ తీసి, అంచు సరిచేసి మళ్ళీ పెట్టుకున్నాడు. ఏదైనా ఇబ్బంది వస్తే ఆయన చేసే పని అది. "పోలీసులొస్తే మొదట అడిగేది పాస్‌పోర్టు. అది అంజిబాబు సారు బీరువాలో ఉంది. ఆయప్ప ఆమెకు కఫీల్, వీసాకు పూచీ ఆయప్పే. దొంగతనం చేసి పారిపోవాలని చూసిందని ఒక్క మాట అంటే, జైల్లో పడేది ఆ పిల్లే. ఆమీట, ఆయప్ప సంతకం లేకుంటే నా స్టోర్సులో బోల్టు గూడా కదలదు. ఇంకెన్ని దినాలు? ఏడు. కడుపు మాడకుండా చూసుకో. రంజాన్‌లో ఇంతకన్నా సవాబు ఇంకేముంది?"

నిజమే కదా అనిపించింది దౌలత్‌బీకి. ఏడు రోజులు. పుణ్యం కూడాను.

ఉపవాసంలో వంట చేసేవాళ్ళకు ఉప్పు చూసే వీలుండదు. కంటితోనూ ముక్కుతోనూ అంచనా వేసుకోవలసిందే. ఏటా దౌలత్‌బీ గంజి ఒకనాడు ఉప్పన, ఒకనాడు చప్పన. రెండో రోజునో మూడో రోజునో ఆమె చెంచాడు గంజి ఊచల్లోంచి అందించి, "ఏమ్మే, ఉప్పు చూసి చెప్పు," అంది.

వీరదుర్గ చప్పరించింది. కళ్ళు మూసుకుంది. పెద్ద వైద్యుడు నాడి చూసినట్టు కాసేపు ఆలోచించింది.

"ఇంకో చెంచా ఇత్తే గాని చెప్పలేనండి."

"నీ దుంప తెగ! చెప్పే."

"చిటికెడు తక్కువండి. అల్లం కొంచెం దిట్టంగా ఏసేరు. అయినా మీ వోళ్ళు పొద్దుట్నించీ తినలేదు కదా, రాయి పెట్టినా తినేత్తారు."

ఆ రోజు నుంచి ఏడు ఇళ్ళకు పోయే పళ్ళేలన్నిటికీ ఉప్పు చూసేది వీరదుర్గే. రెండిళ్ళ అవతలి హైదరాబాదు ఆమె ఉజ్మా, పళ్ళెం తిరిగి ఇస్తూ, "ఈసారి నీ చేతికి ఏమైంది ఆపా, అంతా బరాబర్ పడుతోంది!" అంది. దౌలత్‌బీ అసలు సంగతి చెప్పింది. ఉజ్మా చెంపలు వేసుకుంది. "బిచారీ, పాపం!" అంది. మర్నాడు నాలుగు సమోసాలు పంపింది, సందులో పట్టేలా చిన్నవిగా చేసి. వరసలో ఇంకో ఇద్దరు ముగ్గురికీ తెలిసింది. ఒకరు ఖర్జూరాలు పంపారు. ఒకరు తలనొప్పి మాత్రలు పంపారు. తాళం గురించి మాత్రం ఎవరూ మాట్లాడలేదు.

పదో ఉపవాసం నాడు వీరదుర్గ ఉప్పు చూడలేదు. చెంచా పట్టుకుని అలాగే నిలబడింది.

ఆ ఇంట్లో ఫోనుంది. బయటికి చేయడానికి వీల్లేకుండా నంబరు పెట్టి బిగించారు. బయట నుంచి వస్తే మాత్రం ఎత్తవచ్చు. ఆ పొద్దున ఊరి నుంచి వీరదుర్గ చెల్లెలు పాపాయమ్మ చేసింది. వీరదుర్గ కూతురు సత్యవేణికి పద్నాలుగేళ్ళు, తొమ్మిదో తరగతి. వేసవిలో పెద్దమనిషి అయింది. తండ్రి ఇప్పుడు దానికి పెళ్ళి కుదిర్చాడు. రొయ్యల చెరువుల దగ్గర కాపలా మేస్త్రీ, ముప్పై ఏళ్ళవాడు. దీపావళి వెళ్ళాక గురువారం ముహూర్తం.

"నేను లేకపోబట్టి కదండీ," అంది వీరదుర్గ. "నేనుంటే గుమ్మంలో అడ్డంగా పడుకునేదాన్ని. నన్ను దాటి తీసుకెళ్ళమనేదాన్ని. దాన్ని చదివిద్దామనే వచ్చేనండి నేను ఇక్కడికి."

"ఏడవగాకు. దీపావళికి ఇంకా పద్దెనిమిది దినాలుంది. శుక్రవారం మీ మేడమ్ వస్తుంది. నేను దగ్గరుండి మాట్లాడతా. ఆమెకూ ఆడపిల్ల ఉంది. తల్లి గదా, వినకుండా పోతుందా?"

వీరదుర్గ ఊచలను రెండు చేతులతో పట్టుకుంది. "బీబమ్మగారూ, త్రిమూర్తులు వేను అబూదబీ ఎల్తుంది కదా. మావాడే, మా ఊరి పక్కోడే. ఈ తాళం ఎవరో ఒకరు పగలగొడితే, ఎంబసీ దాకా..."

"పాస్‌పోర్టు లేకుండా యాడికి పోతావ్? మూడు దినాలు ఓర్చుకో. తిను ముందు. తినకుంటే మెదడు పని చేయదు."

ఆ రోజు దౌలత్‌బీ ఎప్పటికన్నా ఎక్కువ నెయ్యి వేసి రొట్టెలు చుట్టింది. వీరదుర్గ తింది. తిన్నాక కన్నీళ్ళు తుడుచుకుని, ఆలస్యంగానైనా గంజి ఉప్పు చూసి చెప్పింది.

శుక్రవారం అంజిబాబు గారి కుటుంబం వచ్చింది. మర్నాడు సాయంత్రం హైమవతి ఆత్రేయపురం పూతరేకుల పెట్టె పట్టుకుని తనే వచ్చింది. దౌలత్‌బీ చేతులు రెండూ పట్టుకుంది.

"దుర్గ అంతా చెప్పింది దౌలత్ గారూ. మీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలియడం లేదు. గ్యాసు సంగతి చూసుకోకుండా వెళ్ళాం, మాదే బుద్ధితక్కువ."

"దానికేముందమ్మా. ఒక మాట అడగాల. ఆ పిల్ల బిడ్డకు పెండ్లి పెట్టుకున్యారంట. పద్నాలుగేండ్ల పిల్ల. తల్లి పోతే ఆగుతుంది. ఆమె పాస్‌పోర్టు ఇచ్చి పంపిచ్చండి. మీకు పుణ్యముంటుంది."

"అయ్యో, పంపకుండా ఎలా ఉంటాం? మా ఆయన ఆఫీసులో కనుక్కుంటానన్నారు. వీసా కాన్సిల్ చేయడమంటే బోలెడు కాగితాలు కదా. రంజాన్‌లో ఆఫీసులు ఒంటిగంటకే మూసేస్తున్నారు. ఈద్ వెళ్ళగానే చూస్తాం." హైమవతి గొంతు తగ్గించి, దగ్గరి చుట్టంతో చెప్పినట్టు చెప్పింది. "నిజం చెప్పొద్దూ, నాకిప్పుడు ఎంత నిశ్చింతగా ఉందో! ఇన్నాళ్ళూ ఎక్కడికైనా వెళ్ళాలంటే ఇదొక బెంగ, దీన్ని ఏం చేయాలి అని. మీరున్నారని తేలిపోయింది కదా. వచ్చే ఎండాకాలం రెండు నెలలు వెళ్ళొచ్చు అన్నారు మా ఆయన. దౌలత్ గారుంటే దిగులే లేదు అన్నారు."

దౌలత్‌బీ పూతరేకుల పెట్టె వైపు చూసింది. తర్వాత తన చేతుల వైపు చూసుకుంది. రెండు నెలలన్న మాట ఎక్కడిది? ఈద్ వెళ్ళగానే పంపేస్తామన్న మనిషికి ఎండాకాలం మాట ఎక్కడి నుంచి వచ్చింది?

హైమవతి వెళ్ళాక ఇనాయతుల్లాకు చెప్పింది. ఆయన టోపీ సరిచేసుకున్నాడు. "ఈద్ అయినంక అన్నారు గదా. సబర్. ఓపిక పట్టు."

"నేను అన్నం పెట్టినాననుకుంటాండా. ఆ తాళానికి నూనె పోసినానప్పా."

ఆ తర్వాత రెండు వారాలూ వీరదుర్గతో మాట్లాడే వీలు పెద్దగా చిక్కలేదు. ఇంటినిండా మనుషులు. కిటికీకి హైమవతి కొత్త తెర కట్టింది. ఎప్పుడైనా తెర పక్కకు జరిగితే, "అడిగినావా?" అని దౌలత్‌బీ సైగ చేసేది. వీరదుర్గ తల ఆడించేది. అది అవునో కాదో తెలిసేది కాదు. చివరి వారంలో ఆ మాత్రం తల కూడా ఆడించలేదు. గంజిలో ఉప్పు మళ్ళీ ఒకనాడు ఎక్కువా ఒకనాడు తక్కువా అవుతూ వచ్చింది. దౌలత్‌బీ మాత్రం రోజూ లెక్క వేసుకుంటూనే ఉంది. ఈద్ సోమవారం. పెళ్ళి గురువారం. ఇంకా మూడు రోజులుంటుంది.

ఈద్ తెల్లవారింది. మగవాళ్ళు నమాజుకు వెళ్ళారు. దౌలత్‌బీ కొత్త బట్టలు కట్టుకుని, షీర్ ఖుర్మా గిన్నె పట్టుకుని అంజిబాబు గారి ముందు గుమ్మానికి వెళ్ళింది. ఈసారి గిన్నె ఎంత పెద్దదైనా పర్వాలేదు, తలుపు తెరిచే ఉంది.

తెరిచిన తలుపు ముందు కారు ఉంది. డిక్కీలో పెట్టెలు సర్దుతున్నాడు అంజిబాబు. పిల్లలు అప్పటికే ఎక్కి కూర్చున్నారు.

"ఈద్ ముబారక్ దౌలత్ గారూ! సమయానికి వచ్చారు," అంది హైమవతి. "నాలుగు రోజులు దుబాయ్ వెళ్తున్నాం. కరామాలో మా చెల్లెలి ఇంటికి. ఈసారి గ్యాసు బండ కొత్తది పెట్టాను. అయినా ఓ కన్నేసి ఉంచండి, ఏం?"

"దుర్గ వస్తాందా?"

"అక్కడ చిన్న ఫ్లాటండీ. చోటుండదు."

అంజిబాబు చేతిలో తాళం ఉంది. ఇత్తడిది, పిడికెడు ఉంటుంది.

దౌలత్‌బీ ముందుగా అనుకుని వచ్చింది కాదు. గిన్నె ఇచ్చి వెనక్కి తిరుగుదామనే వచ్చింది. కాని కాళ్ళు లోపలికి నడిచాయి. హాలు దాటి వంటింట్లోకి పోయింది. వీరదుర్గ సింకు దగ్గర నిలబడి ఉంది. దౌలత్‌బీ గిన్నెను గట్టు మీద పెట్టి, జరీ అంచు దుపట్టా ఒళ్ళో సర్దుకుని, గోడకు వీపు ఆనించి నేల మీద కూర్చుంది. ఆ కిటికీని లోపల నుంచి చూడడం ఆమెకు అదే మొదటిసారి. ఇటు నుంచి చూస్తే సందు ఇంకా చిన్నదిగా కనిపించింది.

"ఇదేంటండీ?" అంటూ వచ్చింది హైమవతి, ఆమె వెనకే అంజిబాబు.

"ఏం లేదు సార్. తాళం ఏసుకోండి."

అంజిబాబు ముందు నవ్వాడు. "హాస్యానికి టైమ్ లేదమ్మా, మేం బయల్దేరాలి."

"బయల్దేరండి. మేమిద్దరం ఉంటాం. బియ్యముంది, గ్యాసుంది, మీరే జెప్తిరి గదా. అన్నం సంగతి మా ఇంటాయన చూసుకుంటాడు. అరటిపండ్లు బాగా పట్టిస్తాడు."

"చూడండి, ఇది మా ఇంటి విషయం."

"అవును సార్. నేను మీ ఇంట్లోనే ఉండా."

బయట పిల్లలు హారన్ మోగించారు. ఆగి ఆగి మళ్ళీ మోగించారు. ఆ చప్పుడుకు నమాజు నుంచి తిరిగి వస్తున్న మగవాళ్ళు గుమ్మం దగ్గర ఆగారు. అత్తరు వాసన లోపలికి వచ్చింది. ఆ గుంపులో ఇనాయతుల్లా ఉన్నాడు. ఉజ్మా కూడా తన గడపలోకి వచ్చి నిలబడింది. మరో రెండు తలుపులు తెరుచుకున్నాయి గాని, ఆ గడపలు దాటి ఎవరూ రాలేదు.

"ఇనాయతుల్లా, ఏంటయ్యా ఇది? మీ ఆవిణ్ణి పిలుచుకో," అన్నాడు అంజిబాబు.

ఇనాయతుల్లా హాల్లోంచి వంటింటి వైపు చూశాడు. నేల మీద కూర్చున్న భార్యను చూశాడు. టోపీ తీశాడు, అంచు సరిచేసి పెట్టుకున్నాడు.

"నిఖా అయ్యి ఇరవై రెండేండ్లు సార్. నేను పిలిస్తే ఆమె లేచింది ఇంతవరకూ లేదు."

బయట ఎవరో ఫక్కున నవ్వారు. ఎవరైనా కోప్పడితే తట్టుకునేవాడే గాని, అంజిబాబు ఆ నవ్వును తట్టుకోలేకపోయాడు. విసురుగా పడకగదిలోకి పోయి, బీరువా తెరిచి, నీలం రంగు పాస్‌పోర్టు తెచ్చి వంటగట్టు మీద పడేశాడు.

"ఖలాస్! పొమ్మనండి. ఇంత పెట్టి పోషిస్తే ఇదా విశ్వాసం?" అని, ఇనాయతుల్లా వైపు తిరిగి, "డిసెంబర్‌లో నీ రెన్యువల్ కాగితం నా బల్ల మీదికే వస్తుంది. గుర్తుంచుకో," అన్నాడు.

"వస్తుంది సార్," అన్నాడు ఇనాయతుల్లా.

వీరదుర్గ చేతులు తుడుచుకుని పాస్‌పోర్టు తీసుకుంది. తీసుకుని, సింకులో మిగిలిన రెండు గ్లాసులు కడిగి బోర్లించి, అప్పుడు బయటికి వచ్చింది.

త్రిమూర్తులు వేను మధ్యాహ్నం పన్నెండు గంటలకు. పాస్‌పోర్టు చేతిలో ఉంటే విమానం ఎక్కవచ్చని, టిక్కెట్టు సంగతి తాను చూస్తానని ఇనాయతుల్లా అన్నాడు. వీరదుర్గ చిన్న సంచి ఒకటి పక్కన పెట్టుకుని దౌలత్‌బీ వంటింట్లో పీట మీద కూర్చుంది. దౌలత్‌బీకి కాళ్ళు నేల మీద ఆనడం లేదు. పెద్ద పళ్ళెంలో అన్నం వడ్డించింది, కూర వేసింది, షీర్ ఖుర్మా మరో గిన్నెలో పోసింది. ఊచలు లేవు, చుట్టే పని లేదు, ముడివేసే పని లేదు.

"ఈ పొద్దు సోమవారం," అంటూ వేళ్ళ మీద లెక్కపెట్టింది. "రేపు రాత్రికి ఏరోప్లేన్ ఎక్కితే బుధవారం మాపటికి ఊర్లో ఉంటావ్. గురువారం గదా ముహూర్తం? పోయి గుమ్మంలో అడ్డంగా పండుకో. ఎవుడు దాటతాడో చూద్దాం!"

వీరదుర్గ అన్నం కలుపుతోంది.

"అయిపోయిందండి," అంది.

"ఏంది?"

"పెళ్ళండి. మొన్న బుధవారం అయిపోయింది. నేను వత్తానేమోనని అనుమానం వచ్చి ముందుకు జరిపేసేరు. చెల్లి ఫోను చేసిందంట. మేడమ్ గారు రెండు రోజులాగి చెప్పేరు."

దౌలత్‌బీ చెయ్యి గరిటె మీద ఆగింది. "మరి నాకు జెప్పలేదే? ఇందాక ఆ ఇంట్లో, నేను కూచున్నప్పుడన్నా..."

"అప్పుడు చెప్తే మీరు లేచిపోయేవారేమోనని," అంది వీరదుర్గ. "పిల్ల అక్కడే ఉంది కదండీ. ఎల్లాలి."

బయట పిల్లలు ఈద్ బొమ్మ తుపాకులు టపటప పేలుస్తున్నారు. ఇనాయతుల్లా ముందు గదిలో ఎవరితోనో ఫోనులో టిక్కెట్టు మాట్లాడుతున్నాడు.

"మొదట్లోనే తాళం పగలగొట్టి ఉండాల," అంది దౌలత్‌బీ నేలను చూస్తూ. "నేనే వద్దంటిని. ఓర్చుకోమంటిని."

"మీరేం చేత్తారండి." వీరదుర్గ ముద్ద నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలి మింగింది. కోపం లేకుండా, తనకు తానే ఏదో తేల్చుకుంటున్నట్టు అంది. "ఒకటి మాత్రం అనుకున్నానండి ఆ ఇంట్లో. మీరు అన్నం పెట్టకపోతే నేను అరిచేదాన్ని. నాలుగో రోజుకో అయిదో రోజుకో సిగ్గూ బయం వదిలేసి, ఈది ఈదంతా వినపడేటట్టు అరిచేదాన్నండి. ఎవరో ఒకరు ఆగేవోరు. పోలీసులే వచ్చేవోరో, ఏమయ్యేదో. కడుపు నిండిపోయింది కదండీ. అరుపు రాలేదు."

అందులో నిష్ఠూరం లేదు. ఉప్పు తక్కువైందని చెప్పినట్టే చెప్పింది.

వీధిలో వేను హారన్ మోగింది. వీరదుర్గ గబగబా నాలుగు ముద్దలు తిని, పళ్ళెం ఖాళీ చేసి తలెత్తింది. ఇంకొంచెం వెయ్యనా అని ఎప్పటి అలవాటు కొద్దీ దౌలత్‌బీ గరిటె ఎత్తింది. ఆ మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది.